స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌కి పేర్లు ఇచ్చే ముందు

"అక్కా, ఏ ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్ తీసుకుందాం?" స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ అంటే ప్రభుత్వ శాఖలు, సంస్థలు ఇచ్చే సమస్యలకు (వాటినే ప్రాబ్లమ్ స్టేట్‌మెంట్లు అంటారు) విద్యార్థుల టీములు పరిష్కారాలు తయారుచేసే దేశవ్యాప్త పోటీ. దానికోసం జూనియర్లు వచ్చి మొదట అడిగేది ఇదే. ముందు టీమ్ సంగతి తేల్చుకోండి అంటాను నేను.

లీడర్‌తో కలిపి సరిగ్గా ఆరుగురు ఉండాలి. అందరూ ఒకే కాలేజీ వాళ్లై ఉండాలి, బ్రాంచి వేరైతే ఇంకా మంచిది. టీమ్ పేరులో కాలేజీ పేరు ఏ రూపంలోనూ రాకూడదు. కనీసం ఒక అమ్మాయి తప్పనిసరి.

సెకండ్ ఇయర్‌లో నన్ను పిలిచింది ఆ చివరి రూల్ కోసమే. ఫారంలో పేరు రాశారు, వాట్సాప్ గ్రూపులో చేర్చారు, పని మాత్రం ఇవ్వలేదు. నేనూ అడగలేదు. కాలేజీ రౌండ్‌లో జడ్జి నా వైపు తిరిగి "డేటాబేస్ ఎలా డిజైన్ చేశారమ్మా?" అన్నారు. నా నోట మాట రాలేదు. మా టీమ్ అక్కడితో ఆగిపోయింది. అందుకే చెబుతున్నా, మొదటి రోజే ఒక కాగితం మీద ఆరు పేర్లూ, ఎదురుగా ఎవరి పని ఏమిటో రాసుకోండి. ఎవరి పేరు ఎదురుగానైనా ఖాళీ ఉంటే అది నిండేదాకా ముందుకు వెళ్లకండి.

నేరుగా మీరే ఐడియా పంపేస్తే కుదరదు. కాలేజీలో ఇంటర్నల్ హ్యాకథాన్ జరగాలి, అందులో నెగ్గిన టీములను ఎస్‌పీఓసీగా (ఈ పోటీకి కాలేజీ తరఫున బాధ్యత చూసేవారు) ఉన్న సారో మేడమో నామినేట్ చేయాలి. ఆ బాధ్యత ఎవరిదో ఇప్పుడే కనుక్కోండి.

ఐడియా చెప్పే పీపీటీకి పోటీ నిర్వాహకులిచ్చిన టెంప్లేట్‌నే వాడండి. ఆరు స్లైడ్లు దాటించకండి, పీడీఎఫ్‌గా మార్చి ఇవ్వండి. థర్డ్ ఇయర్‌లో మాది రొయ్యల చెరువుల ఐడియా. మొదటి స్లైడ్ నిండా ఆక్వా రంగం గొప్పతనం రాశాం. తర్వాత అదంతా కొట్టేసి ఒక్క బొమ్మ పెట్టాం: తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రైతు ఫోన్ మోగుతుంది, నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్ తిరుగుతుంది. చూడగానే అర్థమయ్యేది అదే.

ఫైనల్‌కి వెళ్తే సాఫ్ట్‌వేర్ విభాగం టీములకు 36 గంటలు. మొదటి రాత్రికల్లా ఏదో ఒక్క పని మొదటి నుంచి చివరి దాకా నడిచి తీరాలి. లాగిన్ పేజీ రంగుల కోసం గంటలు పోగొట్టుకోకండి. ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని పడుకోండి, నిద్ర లేకుండా రాసిన కోడ్‌లో తప్పులు వెతకడానికే తెల్లారిపోతుంది. మెంటర్ చెప్పిన ప్రతి మాటా రాసుకోండి, తర్వాతి రౌండ్‌లో ఏం మార్చారో చూపించమంటారు.

రొయ్యల చెరువుల ఐడియా చేసిన ఆ థర్డ్ ఇయర్‌లో మా జడ్జి "రాత్రి కరెంటు పోతే?" అని అడిగారు. మాలో సివిల్ బ్రాంచి అమ్మాయి భీమవరం దగ్గర రెండు రాత్రులు చెరువు గట్టు మీద కూర్చుని చూసొచ్చింది. జనరేటర్ వేయడానికి మనిషి లేచి వచ్చేసరికి ఎంతసేపు పడుతుందో, ఆ లోపు మా యాప్ ఎవరెవరికి ఫోన్ చేస్తుందో తనే లేచి చెప్పింది.