పాత క్వారీలు చూడాలంటే ఏటవాలు ఎండలోనే

పాత క్వారీల వైపు నడకకు పొద్దున్నో సాయంత్రమో వెళ్లండి. నడినెత్తిన ఎండలో రాతి మీది గుర్తులు కనబడవు. ఏటవాలు వెలుగులో గోడ మీద నిలువుగా సగం గొట్టంలాంటి గాడి కనిపిస్తే, అది పేలుడు మందు కూరడానికి తొలిచిన రంధ్రంలో మిగిలిన సగం. బండ అంచున వరసగా చిన్న గుంతలుంటే చీలలు దిగ్గొట్టి చీల్చారన్నమాట. నాకైతే ఇవే ఎక్కువ ముచ్చట. పొదల్లో ఒకే వాలున సాగే బాట, దానిలో రంధ్రాలున్న రాతి దిమ్మెలు ఎదురైతే పాత ట్రాలీ పట్టాల దారి కావచ్చు, దాన్నే పట్టుకుని నడవండి. వాన వెలిసిన వెంటనే మాత్రం గోడ కిందికి పోవద్దు, బండలు వదులవుతాయి. నీళ్లు నిండిన గుంత ఎంత తేటగా ఉన్నా దిగొద్దు: లోతు తెలియదు, ఒడ్డు నిట్టనిలువు, పైకెక్కడానికి పట్టు దొరకదు.