చెన్నైకి కొత్తగా వచ్చిన మనవాళ్లకు: పూట పూటకూ తిండి ఎక్కడ, ఎలా

చెన్నైకి పని కోసం వచ్చిన కుటుంబాలకు మొదటి నెల డబ్బంతా తిండికే పోతుంది. ఇంటి అడ్వాన్సు కట్టేసి ఉంటారు, కూలి ఇంకా చేతికి రాదు, గ్యాస్ ఉండదు. మూడు పూటలా హోటల్లో తిని, నెలాఖరుకి అప్పు చేస్తారు. నాకు పులియంతోపులో చిన్న కుట్టుమిషన్ షాపు ఉంది. మా అత్తమ్మ కార్పొరేషన్‌లో రోడ్లు ఊడ్చి రిటైరైన మనిషి. మా వీధిలో తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి. శ్రీకాకుళం, నెల్లూరు, ప్రకాశం నుంచి వచ్చిన ఆడవాళ్లు జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చి, కొలతలు ఇస్తూనే "అక్కా, ఇక్కడ రేషన్ మనకిస్తారా?" అని అడుగుతారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. వచ్చిన వాళ్లలో చాలామంది మొదటి రోజు నుంచే తమిళనాడు రేషన్ కార్డు కోసం తిరగడం మొదలుపెడతారు. అది చివర చెయ్యాల్సిన పని. ఇవాళ్టి పూటకు క్యాంటీన్, ఈ నెల బియ్యానికి మీ ఊరి కార్డు, పిల్లలకు బడి, అంగన్‌వాడీ. ఈ వరసలో వెళితే రెండు వారాల్లో ఇల్లు ఒక దారికి వస్తుంది. ఇవన్నీ జనం పన్నులతో నడిచేవి. మీరు ఇక్కడ సబ్బు కొన్నా పన్ను కడుతున్నారు. మొహమాటం అక్కర్లేదు.

ఇవాళ్టి పూట

కార్పొరేషన్ చౌకగా తిండి పెట్టే క్యాంటీన్ల బోర్డు మీద అమ్మ ఉణవగం (అమ్మ క్యాంటీన్) అని తమిళంలో రాసి ఉంటుంది. 2013 ఫిబ్రవరిలో, జయలలిత ముఖ్యమంత్రిగా ఉండగా చెన్నై కార్పొరేషన్ వీటిని మొదలుపెట్టింది. మన అన్న క్యాంటీన్లు వచ్చింది 2018లో. అక్కడ ప్లేటు భోజనం 5 రూపాయలు, ఇక్కడ మాత్రం దేనికదే ధర. పొద్దున ఇడ్లీ ఒక్కోటి రూపాయి, పొంగల్ 5. మధ్యాహ్నం సాంబారన్నం 5, నిమ్మకాయ అన్నమో కరివేపాకు అన్నమో ఉంటే అదీ 5, పెరుగన్నం 3. రాత్రి రెండు చపాతీలు, పప్పు కలిపి 3 రూపాయలు. మొదలుపెట్టిన నాటి ధరలే ఇవి. నాలుగు ఇడ్లీలు, ఒక పొంగల్, మధ్యాహ్నం సాంబారన్నం, పెరుగన్నం, రాత్రి నాలుగు చపాతీలు తింటే రోజంతా కలిపి 23 రూపాయలు. హోటల్లో ఒక్క మసాలా దోసెకు కూడా అవి చాలవు.

ఆధార్ అడగరు, ఏ ఊరని అడగరు. కౌంటర్లో డబ్బిచ్చి టోకెన్ తీసుకోవాలి, టోకెన్ చూపించి ప్లేటు పట్టుకోవాలి, నిలబడి తినే స్టీలు బల్లలు ఉంటాయి. చిల్లర పెట్టుకుని వెళ్లండి. పొద్దున 7 నుంచి 10, మధ్యాహ్నం 12 నుంచి 3, సాయంత్రం 6 నుంచి 9 వరకు నడుస్తాయి. అయితే చివరి అరగంటని నమ్ముకోవద్దు. పొంగల్, చపాతీ ముందుగా అయిపోతాయి. పార్సిల్ కట్టరు, అది రూల్. డబ్బా తీసుకెళ్లి గొడవపడితే నష్టం మీకే.

తాపీ పనికి, రాడ్ బెండింగ్‌కి వెళ్లేవాళ్లు తెల్లారి ఆరున్నరకే బయల్దేరతారు కాబట్టి ఇంటి దగ్గర క్యాంటీన్ వాళ్లకు ఉపయోగపడదు. సైటు దగ్గర క్యాంటీన్ ఎక్కడుందో మొదటి రోజే కనుక్కోండి. సిటీలో దాదాపు ప్రతి వార్డులో ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోనూ ఉన్నాయి. సెంట్రల్ స్టేషన్‌లో దిగి రోడ్డు దాటితే వచ్చే పెద్దాసుపత్రిలో కూడా ఒకటి ఉంది. నెల్లూరు, చిత్తూరు నుంచి వైద్యానికి వచ్చి వారాల తరబడి వరండాలో పడుకునే మనవాళ్లకు ఈ సంగతి తప్పకుండా చెప్పండి. పేషెంటుకి ఆసుపత్రి తిండి పెడుతుంది, తోడు వచ్చిన మనిషే టీ, బన్నుతో రోజు గడుపుతాడు.

రుచి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొన్నిచోట్ల సాంబారు పల్చన, కొన్నిచోట్ల గిన్నెలు పాతబడ్డాయి. 2024 జూలైలో ముఖ్యమంత్రి స్టాలిన్ తేనాంపేట క్యాంటీన్ చూసి, పాత్రలకూ మరమ్మతులకూ 21 కోట్ల రూపాయలు ఇమ్మన్నారు. వండేదీ వడ్డించేదీ పొదుపు సంఘాల ఆడవాళ్లు. "అక్కా, కొంజం సాంబార్" అని మర్యాదగా అడిగితే ఇంకో గరిటె పోస్తారు. తెలుగు వచ్చినవాళ్లు కూడా వాళ్లలో కనిపిస్తారు.

కార్పొరేషన్‌లో పారిశుధ్యం పని చేసేవాళ్లు మీ ఇంట్లో ఉంటే, వాళ్లకు 2025 నవంబర్ నుంచి డ్యూటీలో ఉచిత భోజనం ఇస్తున్నారు. చెన్నైలో ఈ పని చేసేవాళ్లలో తరతరాలుగా మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. మా అత్తమ్మ రోజుల్లో చద్దన్నం మూట కట్టుకుని నాలుగింటికే వెళ్లేది. కాంట్రాక్టు మీద పనిచేసినా సరే, మీ డివిజన్ సూపర్‌వైజర్‌ని అడిగి పేరు రాయించుకోండి.

ఈ నెల బియ్యం

ఎక్కువ మంది వదులుకునేది ఇక్కడే. మీ ఊరి రేషన్ కార్డు మీద చెన్నైలో ఏ రేషన్ షాపులోనైనా బియ్యం తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకాన్ని 2019 ఆగస్టులో మొదట కలిపి చూసిందే ఆంధ్ర, తెలంగాణ మధ్య. తమిళనాడు 2020 అక్టోబర్‌లో చేరింది. రాష్ట్రాలన్నీ దీన్ని అమలు చెయ్యాల్సిందేనని 2021 జూన్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఎవరైనా "వేరే రాష్ట్రం కార్డు ఇక్కడ చెల్లదు" అంటే అది తప్పు మాట.

బయల్దేరే ముందు ఊళ్లో ఒకటి కనుక్కోవాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ కొన్ని కార్డులు కేంద్రం ఆహార భద్రత చట్టం కింద ఉంటాయి, మిగతావి రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చినవి. మొదటి రకం మాత్రమే బయటి రాష్ట్రంలో పనిచేస్తుంది. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. మీ రేషన్ డీలర్‌ని గానీ, సచివాలయంలో గానీ అడిగితే నంబర్ చూసి చెప్పేస్తారు. మేరా రేషన్ యాప్‌లో కూడా కనబడుతుంది. రాష్ట్రం కార్డు అయితే చెన్నైలో బియ్యం రావు. దాన్ని పట్టుకుని ఇక్కడ షాపుల చుట్టూ తిరగొద్దు.

కేంద్రం కార్డు అయితే మనిషికి నెలకు 5 కిలోలు, పూర్తిగా ఉచితం. అంత్యోదయ కార్డుకి కుటుంబానికి 35 కిలోలు. తెలంగాణలో ఊళ్లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అది ఇక్కడ అడగొద్దు, ఇక్కడ వచ్చేది కేంద్రం వాటా ఒక్కటే. అలాగే 30 రూపాయల కందిపప్పు, 25 రూపాయల పామాయిల్ తమిళనాడు కార్డు వాళ్లకే.

అమ్మానాన్నలు ఊళ్లో, మీరిద్దరూ ఇక్కడ ఉంటే నలుగురి కార్డుకి వచ్చే 20 కిలోలను పంచుకోవచ్చు. వాళ్లు అక్కడ 10 తీసుకుంటే మిషన్‌లో ఇంకా 10 మిగిలి కనబడుతుంది, అవి మీరు ఇక్కడ తీసుకుంటారు. ముందే ఫోన్ చేసి చెప్పుకోండి. లేకపోతే డీలర్ మొత్తం ఒకేసారి తూచేస్తాడు, మీరు ఇక్కడ లైన్లో నిలబడ్డాక సున్నా చూపిస్తుంది. నెల దాటితే ఆ నెల బియ్యం మళ్లీ రావు.

షాపుకి కార్డు జిరాక్స్, ఆధార్, ఆధార్‌కి ఇచ్చిన ఫోన్ తీసుకెళ్లండి. సెలవులు మన దగ్గరిలా ఉండవు. నెలలో మొదటి రెండు వారాలు శుక్రవారం మూస్తారు, ఆదివారం తెరుస్తారు. ఆ తర్వాత ఆదివారం సెలవు. నెల మొదట్లో రద్దీ ఎక్కువ. బయటి కార్డుకి సర్వర్ కొంచెం టైమ్ తీసుకుంటుంది కాబట్టి రెండో వారంలో, మధ్యాహ్నం మూడు తర్వాత వెళితే షాపు మనిషి కూడా ఓపికగా చూస్తాడు.

ఇక వేలిముద్ర. సిమెంట్ పని చేసేవాళ్ల వేళ్లు ఇసుక కాగితంలా అరిగిపోయి ఉంటాయి, మిషన్ పట్టదు. లైన్లో నిలబడ్డ మనిషికి టెన్షన్, వెనకవాళ్లకు విసుగు. ముందు రోజు రాత్రి చేతులు వేడినీళ్లలో నానబెట్టి, సిమెంట్ పొర రుద్ది, కొబ్బరి నూనె రాసుకుని పడుకోండి. షాపుకి వెళ్లే ముందు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. నూనె మరకున్నా, తడి ఉన్నా పట్టదు. బొటనవేలు పడకపోతే ఉంగరపు వేలు, ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటీ పెట్టి చూడమనండి. అప్పటికీ కాకపోతే కంటిపాప స్కానర్ ఉందా అని అడగండి, ఇప్పుడు చాలా షాపుల్లో ఉంది. కార్డులో పేరున్న ఇంకెవరు వచ్చి ముద్ర వేసినా చాలు. అందుకే మా దగ్గర మగవాళ్ల కార్డుల మీద బియ్యం తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లే. ఊరు వెళ్లినప్పుడు కార్డులో ఉన్న అందరి ఈ-కేవైసీ, పిల్లలతో సహా, పూర్తి చేయించుకోండి. అది ఆగితే ఆ పేరు మీద బియ్యం ఆగిపోవచ్చు.

ఇక్కడ ఉప్పుడు బియ్యం, పచ్చి బియ్యం రెండూ వస్తాయి. తూచక ముందే "పచ్చరిసి ఇరుక్కా?" (పచ్చి బియ్యం ఉందా?) అని అడగండి. అన్నానికి మనవాళ్లకు అలవాటైనది అదే. ఉప్పుడు బియ్యమే దొరికితే పారేయొద్దు, అమ్మొద్దు. నాలుగు గ్లాసులకు ఒక గ్లాసు మినప్పప్పు, చెంచా మెంతులు వేసి రుబ్బితే ఇడ్లీకి దానిని మించిన బియ్యం లేదు. బియ్యానికి వాసన ఉంటే మూడుసార్లు కడిగి అరగంట నానబెట్టి, ఆ నీళ్లు వంచేసి వండండి.

పిల్లలు

ఒకటి నుంచి ఐదో తరగతి పిల్లలకు కార్పొరేషన్ స్కూల్లో పొద్దున టిఫిన్ పెడతారు. 2022 సెప్టెంబర్ 15న మధురైలో మొదలై, 2023 ఆగస్టులో రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ వచ్చింది. 2025 ఆగస్టు నుంచి సిటీల్లోని ఎయిడెడ్ బడుల్లో కూడా ఇస్తున్నారు. ఉప్మా, కిచిడీ, పొంగల్ వారంలో మార్చి మార్చి, సాంబారుతో పెడతారు. మధ్యాహ్నం భోజనంలో గుడ్డు ఉంటుంది. అమ్మానాన్నలిద్దరూ ఏడింటికే పనికి వెళ్లే ఇళ్లలో ఈ టిఫిన్ ఎంత పెద్ద సాయమో చెప్పలేను. పిల్లాడు ఖాళీ కడుపుతో క్లాసులో కూర్చోడు.

ఈ ఊళ్లో ఈ ఆలోచన కొత్తది కాదు. 1920లో మద్రాసు కార్పొరేషన్ థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకు భోజనం పెట్టాలని నిర్ణయించింది. టి.నగర్ ఎవరి పేరు మీద ఉందో ఆ పిట్టి త్యాగరాయ చెట్టి అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు.

టీసీ లేదని చేర్చుకోకపోవడం విద్యాహక్కు చట్టం ప్రకారం కుదరదు. చేర్చుకోమనండి, కాగితాలు తర్వాత తెప్పించి ఇస్తామనండి. ఇంగ్లీష్ మీడియం కావాలని అప్పు చేసి చిన్న ప్రైవేటు బడికి పంపేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కార్పొరేషన్ బడుల్లోనూ ఇంగ్లీష్ మీడియం సెక్షన్లు ఉన్నాయి, టిఫిన్ కూడా ఉంది. ఒకసారి వెళ్లి అడగండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఆరేళ్లలోపు పిల్లలు అంగన్‌వాడీలో పేరు రాయించుకోవాలి. దానికి తమిళనాడు కార్డు అక్కర్లేదు, ఆధార్ చాలు. ఇక్కడ సత్తుమావు అని పొడి ఇస్తారు, మన దగ్గర బాలామృతం లాంటిది. రెండు చెంచాల పొడిని ముందు చల్లనీళ్లలో ఉండలు లేకుండా కలిపి, తర్వాత మరిగే నీళ్లలో పోసి తిప్పితే జావ అవుతుంది. బెల్లం అందులోనే ఉంటుంది, చక్కెర వెయ్యొద్దు. పిల్లలు జావ తాగకపోతే కొంచెం నెయ్యి వేసి ఉండలు చుట్టివ్వండి.

ఇక్కడి కార్డు ఎప్పుడు

ఐదారేళ్లు ఇక్కడే ఉంటామని, ఇంటి అగ్రిమెంట్ మీ పేరున ఉందని తేలాకే తమిళనాడు కార్డు గురించి ఆలోచించండి. అప్పుడు ఊరి కార్డులో పేర్లు తీయించుకోవాలి. ఆంధ్రలో పెన్షన్, ఇంకా చాలా పథకాలు ఆ బియ్యం కార్డుతోనే ముడిపడి ఉన్నాయి. ముసలివాళ్లు ఊళ్లో ఉంటే వాళ్ల పేర్లు మాత్రం కదపొద్దు. మీ పేర్లు తీసేసినట్టు కాగితం తీసుకుని, ఆధార్, ఇంటి రుజువుతో ఈ-సేవై సెంటర్లో (మన మీసేవ లాంటిది) దరఖాస్తు చెయ్యండి. బ్రోకర్‌కి డబ్బు ఇవ్వొద్దు.

ఇవ్వకపోతే

షాపులో కాదంటే అరవొద్దు, వెళ్లిపోనూ వద్దు. షాపు బయట బోర్డు మీద షాపు నంబర్ ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకోండి. తేదీ, టైమ్ రాసుకోండి. 1967కి గానీ, 1800 425 5901కి గానీ ఫోన్ చెయ్యండి. బయటి రాష్ట్రం కార్డు సంగతైతే 14445. మాకు దగ్గర్లోని ఒక షాపులో శ్రీకాకుళం అమ్మాయిని వరసగా వెనక్కి పంపించారు. ఆమె బోర్డు ఫోటో తీస్తుండగానే లోపలికి పిలిచి మిషన్ పెట్టారు.

ఫోన్‌తో తేలకపోతే, నెలలో రెండో శనివారం సివిల్ సప్లైస్ జోన్ ఆఫీసుల్లో రేషన్ ఫిర్యాదుల క్యాంపు పెడతారు. ఆధార్, కార్డు జిరాక్స్, ఆ షాపు ఫోటో పట్టుకుని పొద్దున్నే వెళ్లండి. అర్జీ తమిళంలో గానీ ఇంగ్లీష్‌లో గానీ ఉంటే పని త్వరగా అవుతుంది, పక్కింటి పిల్లలెవరైనా రాసిపెడతారు. ఒక కాపీ మీద సీలు వేయించుకుని మీ దగ్గరే ఉంచుకోండి.