ఎండలు ముదరకముందే రేడియేటర్‌లో ఏం పోస్తున్నారో చూసుకోండి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. మే నెలాఖరు నాటి ఆ ఎండలోనే ఇంటిల్లిపాదినీ, సామానునూ ఎక్కించి, ఏసీ వేసుకుని బయల్దేరతాం. అప్పటిదాకా ఆగకుండా ఏప్రిల్‌లోనే ఓ ఉదయం, ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి, ఇంజిన్ వేడిని లాగి రేడియేటర్‌కు చేర్చే ద్రవం, అంటే కూలెంట్ ఉండే డబ్బా చూడండి. మట్టం మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి.

తగ్గింది కదా అని బోరు నీళ్ళు మాత్రం పోయకండి. మన దగ్గర చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ. గీజర్ కాయిల్ విప్పితే కనిపించే తెల్లటి గార వాటిదే. ఇంజిన్‌లో బాగా వేడెక్కే సిలిండర్ హెడ్ చుట్టూ కూడా అదే గార పడుతుంది. రేడియేటర్‌లోని సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి. చూడటానికి నీళ్ళు నిండుగానే ఉంటాయి, వేడి మాత్రం బయటికి పోదు. ఆ నీళ్ళలోని క్లోరైడ్లు అల్యూమినియాన్ని కూడా తినేస్తాయి. బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ కొనండి. రేడియేటర్ మార్చే ఖర్చు ముందు దాని ధర లెక్కలోకి రాదు.

కూలెంట్ చలికి నీళ్ళు గడ్డకట్టకుండా చూసేది కదా, మంచు పడని మనకు ఎందుకని అడుగుతారు. అందులో తుప్పు పట్టనివ్వని రసాయనాలు ఉంటాయి, మనకు ముఖ్యం అవే. పైగా కూలెంట్, నీళ్ళు సగం సగం కలిపితే మరిగే ఉష్ణోగ్రత 100 నుంచి దాదాపు 107 డిగ్రీలకు పెరుగుతుంది. రేడియేటర్ మూత బిగించి ఉంచే ఒత్తిడి వల్ల ఇంకా పైకి వెళ్తుంది. అందుకే మూత రబ్బరు వదులైతే ఆలోచించకుండా మార్చేయండి.

కొనేటప్పుడు రంగు చూసి తేల్చుకోకండి. ఆకుపచ్చ, ఎరుపు అనేవి కంపెనీలు కలిపే రంగులే. బండి మాన్యువల్‌లో రాసిన రకమే తీసుకోండి. రకాలు కలిస్తే తుప్పును ఆపే గుణం పోవచ్చు, ఒక్కోసారి జిగురులా గడ్డ కడుతుంది. డబ్బా మీద 'రెడీ టు యూజ్' అని ఉంటే చుక్క నీరు కలపకూడదు. కాన్సంట్రేట్ (నీళ్ళు కలపని చిక్కటి కూలెంట్) అయితే కలిపి తీరాలి, ఉత్తదే పోస్తే వేడిని సరిగ్గా లాగలేదు.

దారిలో టెంపరేచర్ ముల్లు ఎక్కితే ఏసీ ఆపి, బండి పక్కకు తీసి ఇంజిన్ ఆపేయండి. అరగంటైనా, గంటైనా చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు. లోపలి నీళ్ళు ఎగజిమ్మి ముఖం, చేతులు కాలిపోతాయి. కాలుతున్న ఇంజిన్‌లో చన్నీళ్ళు పోస్తే హెడ్ పగలొచ్చు. వేరే దారి లేకపోతే, చల్లారాక తాగే నీళ్ళ బాటిల్ పోసి మెకానిక్ దాకా వెళ్ళండి. తర్వాత మొత్తం ఫ్లష్ చేయించండి, అంటే లోపలిదంతా తీసి కడిగించి కొత్త కూలెంట్ పోయించండి. మట్టం మళ్ళీ మళ్ళీ తగ్గుతుంటే పోస్తూ పోవడం కాదు, లీకు వెతికించాలి.

తీసేసిన పాత కూలెంట్ తియ్యగా ఉంటుంది, కానీ విషం. పిల్లలకు అందే చోట పెట్టకండి, వీధి కుక్కలు నాకేలా నేల మీద వదలకండి.