కారు బాడీని చదవడం – 4: మూత పెడితే చాలదు, అతకాలి

పోయిన పాఠంలో ఇచ్చిన బూట్ల అట్టపెట్టె ప్రయోగం చాలామందిని తికమక పెట్టింది. పెట్టె కారు బాడీ, మూత దాని పైకప్పు అనుకుని, మూత లేకుండా ఒకసారి, మూతతో ఒకసారి మెలితిప్పి చూడమన్నాను. "మూత తీసినా మెలితిరుగుతోంది, పెట్టినా మెలితిరుగుతోంది, ఇక పైకప్పు వల్ల ఒరిగేదేంటి?" అని అడిగారు. మలుపులో బరువు ఏ చక్రం మీదకు పోతుందో ఈసారి చెప్పాల్సింది. దాన్ని పక్కన పెడుతున్నాను. పెట్టె సంగతి తేలకుండా కన్వర్టిబుల్‌కీ (పైకప్పు తెరిచే కారు) కూపేకీ (స్థిరమైన పైకప్పున్న రెండు తలుపుల కారు) ఉన్న అసలు తేడా అందదు.

ముందుగా చిన్న సవరణ. కొందరు పెట్టెను రెండు చివర్లా ఆనించి, మధ్యలో నొక్కి చూశారు. అది వంగడం. మనకు కావాల్సింది మెలి: ఒక చివరను ఎడమచేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చివరను కుడిచేత్తో తడిబట్ట పిండినట్టు తిప్పాలి. వంగకుండా ఆపడం తేలిక, తలుపుల కింద లోతైన దూలం ఉంటే సరిపోతుంది. మెలిని ఆపడమే కష్టం. పైకప్పు పోతే ఎక్కువ దెబ్బ తగిలేదీ అక్కడే.

ఇక అసలు చిక్కు. మూతను నాలుగు వైపులా టేపుతో అతికించమన్నాను. చాలామంది మూత పెట్టి వదిలేశారు. ఆ టేపే ఈ పాఠమంతా, కాబట్టి మళ్లీ చేయండి, ఈసారి పెన్సిల్ కూడా తీసుకోండి. మూత వదులుగా పెట్టి, దాని అంచు మీదుగా పెట్టె గోడ మీదకు దిగేలా ఒక్కో వైపు రెండు మూడు నిలువు గీతలు గీయండి. ఇప్పుడు మెలితిప్పండి. గీతలు అంచు దగ్గర తెగి, పై ముక్క ఒకవైపు, కింది ముక్క ఒకవైపు జరిగిపోతాయి. తెరిచి ఉన్న పెట్టె నోరు మెలి పడగానే పక్కకు వాలిన చతుర్భుజం అవుతుంది. మూత మాత్రం తన దీర్ఘచతురస్రంలోనే ఉంటుంది. రెండూ ఒకదాని మీద ఒకటి జారుతున్నాయి, అంతే. టేపు వేశాక తిప్పి చూడండి. గీతలు జరగవు, పెట్టె కూడా తిరగదు. మూత ఇచ్చే బిగువంతా ఆ జారుడును ఆపడంలోనే ఉంది. మూత బరువు, మందం ఇక్కడ పెద్దగా లెక్కలోకి రావు.

నన్ను ఎప్పుడూ చికాకు పెట్టే మాట ఒకటుంది: "దీనికి మడిచే మెటల్ రూఫ్ ఉంది, మూసేస్తే కూపేతో సమానం." కాదు. మడిచే హార్డ్‌టాప్ అంటే టేపు వేయని మూత. 1957లో వచ్చిన ఫోర్డ్ స్కైలైనర్ అయినా, 1996 నాటి మెర్సిడెస్ ఎస్ఎల్‌కే అయినా ఆ పైకప్పు ముక్కలు కీళ్ల మీద తిరుగుతాయి, ముందు అద్దం పై అంచుకు కొన్ని గొళ్లేలతో తగులుకుంటాయి. ముక్కల మధ్య నీళ్లు రాకుండా రబ్బరు ఉంటుంది. రబ్బరు నలగడానికే పెట్టింది, జారుడును అది ఆపలేదు. గొళ్లెం రూఫ్ పైకి లేవకుండా పట్టుకుంటుంది, పక్కకు వచ్చే తోపును కొంతవరకే మోస్తుంది. మామూలు కూపేలో పైకప్పు రేకు అంచు పొడవునా వెల్డింగ్‌తో పైకప్పును మోసే పిల్లర్లకు, పక్క దూలాలకు కలిసిపోయి ఉంటుంది. ముందు వెనక అద్దాలు కూడా జిగురుతో గట్టిగా అతుక్కుని తమ వంతు బిగువు ఇస్తాయి. మెటల్ రూఫ్ వల్ల శబ్దం తగ్గుతుంది, ఎండా వానా ఆగుతాయి, దొంగ భయం తగ్గుతుంది. బిగువు కోసమే కొంటున్నామనుకుంటే మాత్రం మోసపోతారు. పైగా ఆ మోటార్లు, కీళ్ల బరువు గుడ్డ రూఫ్ కంటే ఎక్కువ.

"ఒక్క వైపు తెరిచి ఉంటే అంత తేడానా?" అన్నవాళ్ల కోసం ఒక లెక్క. 20 మి.మీ. వ్యాసార్థం, 1 మి.మీ. మందం ఉన్న ఉక్కు గొట్టానికి పొడవునా ఒక చీలిక పెట్టండి. మెలిబిగువు, అంటే మెలితిరగకుండా ఆగే గుణం, దాదాపు 1200వ వంతుకు పడిపోతుంది. తీసేసిన లోహం మాత్రం పిసరంతే. కారు అంత ఘోరంగా పడిపోదు, దానికి నేల రేకు, అడ్డ గోడలు, తలుపుల కింద పెట్టె దూలాలు ఉన్నాయి. ఆ దూలాలను సిల్ అంటారు. కన్వర్టిబుల్ చేసేటప్పుడు ఇంజనీర్లు వాటినే లావు చేస్తారు, అడుగున ఎక్స్ ఆకారంలో కడ్డీలు బిగిస్తారు, ముందు అద్దం చట్రాన్ని బలపరుస్తారు. అందుకే కూపే నుంచి కోసి చేసిన కన్వర్టిబుల్ వంద నుంచి రెండు వందల కిలోల దాకా ఎక్కువ తూగుతుంది.

ఇది స్టీరింగ్‌కు ఎలా తెలుస్తుంది? ముందు సస్పెన్షన్ (చక్రాలను బాడీకి కలిపే స్ప్రింగుల అమరిక), బాడీ, వెనక సస్పెన్షన్ ఒకదాని వెనక ఒకటి తగిలించిన మూడు స్ప్రింగులు. లెక్క కోసం ఒక డిగ్రీ మెలితిప్పడానికి ముందుదానికి 1000 న్యూటన్ మీటర్ల తిప్పుడు బలం, వెనకదానికి 800, బాడీకి 5000 కావాలనుకుందాం. ఒక్కోదాన్ని తలకిందులు చేయండి, అంటే 1ని దానితో భాగించండి: 0.001, 0.00125, 0.0002. మొత్తం 0.00245. మెలిలో బాడీ వాటా 8 శాతం. బాడీని 20,000కు పెంచితే ఆ వాటా 2 శాతమే.

ఒక చక్రం 40 మి.మీ. గడ్డ ఎక్కిందనుకోండి. చక్రాల మధ్య దూరం మీటరున్నర అయితే వంపు సుమారు డిగ్రీన్నర. అందులో 8 శాతం అంటే 0.12 డిగ్రీ, కారు వెడల్పు మీద మూడు మిల్లీమీటర్లు. కొంచెమేగా అనిపిస్తుంది. కానీ సస్పెన్షన్ కదలికను అణచడానికి షాక్ అబ్జార్బర్ ఉంది, బాడీ కదలికను అణచడానికి ఏదీ లేదు. అందుకే అద్దం చట్రం, స్టీరింగ్ కాలమ్, వెనక చూసే అద్దం గడ్డ దాటాక కూడా కాసేపు వణుకుతాయి.

ఇక్కడే ఇంకో తప్పు చేస్తారు. కారు వదులుగా ఉందని గట్టి స్ప్రింగులు వేయిస్తారు. పై లెక్కలో స్ప్రింగులను రెట్టింపు చేయండి: 0.0005, 0.000625, 0.0002. బాడీ వాటా 15 శాతానికి ఎగబాకింది! వణుకు పెరిగింది. మెత్తని బాడీలో ముందు యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలను కలిపే కడ్డీ) మార్చినా, ఆ మార్పు వెనక చక్రాల దాకా సరిగ్గా చేరదు. నన్నడిగితే కన్వర్టిబుల్‌కు మెత్తని స్ప్రింగులు, మంచి షాక్ అబ్జార్బర్లు చాలు.

మొదటినుంచీ తెరిచిన కారుగానే గీసినవి వేరు. 1962 లోటస్ ఎలాన్‌లో బలమంతా మధ్యలో నడిచే ఉక్కు వెన్నెముకది. 1989 మాజ్డా ఎంఎక్స్-5 పుట్టడమే రోడ్‌స్టర్‌గా (రెండు సీట్ల తెరిచిన కారుగా) పుట్టింది. మెక్‌లారెన్ 12సీ స్పైడర్ కూపే కంటే 40 కిలోలే ఎక్కువ, బలం సీట్ల చుట్టూ ఉండే కార్బన్ ఫైబర్ తొట్టిలో ఉంది కాబట్టి అదనపు బలోపేతం అక్కర్లేకపోయింది. తిరగేసి చూడాలంటే బీఎండబ్ల్యూ జెడ్3: రోడ్‌స్టర్ మీద స్థిరమైన పైకప్పు అతికించి 1998లో కూపే తెచ్చారు, మెలిబిగువు రెండున్నర రెట్లు దాటింది.

కారు చూడటానికి వెళ్తే నేను ముందు తలుపు తెరిచి సిల్ చూస్తాను. ఎక్కడానికి కాలు బాగా ఎత్తాల్సి వస్తే సంతోషిస్తాను. లోటస్ ఎలీజ్‌లోకి దిగడం నాకు అందుకే ఇష్టం.

అభ్యాసం, వచ్చే పాఠానికి ముందే పూర్తి చేయాలి. ఒకటి: 5000 బదులు 10,000 పెట్టి, మెత్తని స్ప్రింగులతో ఒకసారి, గట్టివాటితో ఒకసారి బాడీ వాటా కట్టండి. రెండు: ఒక కన్వర్టిబుల్, ఒక కూపే సంపాదించండి. సమతలమైన చోట, ఒక ముందు చక్రాన్ని తక్కువ ఎత్తు ర్యాంప్ మీదకు ఎక్కించి, హ్యాండ్ బ్రేక్ వేసి, మిగతా చక్రాలకు అడ్డం పెట్టండి. కారు కిందకు దూరకండి. ఎక్కించక ముందూ ఎక్కించాకా తలుపు వెనక అంచు సందులో పైనా కిందా మడిచిన కాగితాలు దూర్చి, ఎన్ని మడతలు పట్టాయో రాసుకోండి. ర్యాంప్ మీద ఉండగానే తలుపు మెల్లగా తెరిచి మూయండి, గొళ్లెం ఎక్కడ రాసుకుంటుందో వేలితో తడిమి చూడండి. నాలుగు తలుపులున్న కారైతే నాలుగూ చేయాలి.