పునర్విభజన వాదాన్ని కాగితం మీద తేల్చుకోవడం ఎలా?

లోక్‌సభ స్థానాల సంఖ్యనూ సరిహద్దులనూ జనాభాను బట్టి మళ్లీ నిర్ణయించే పునర్విభజనతో దక్షిణాదికి అన్యాయం జరుగుతుందని ఒకరు, ఒక్క సీటు కూడా తగ్గదని మరొకరు గట్టిగా చెబుతున్నప్పుడు, వీరిలో ఎవరిని నమ్మాలన్న ప్రశ్నతో మొదలుపెడితే మనం ఏ పార్టీకి ఓటు వేస్తామో అదే జవాబుగా తేలుతుంది. ఆ ప్రశ్నను పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం, ఫోనులోని క్యాలిక్యులేటరు, 2011 జనాభా లెక్కలు ముందు పెట్టుకుని కూర్చుంటే అరగంటలో సగం వివాదం తేలిపోతుంది.

ముందుగా చేతికొచ్చిన పట్టికను కూడి చూడండి. మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన రాష్ట్రాలవారీ సీట్ల పట్టికను నేను చదివీ చదవగానే మరో ఇద్దరికి పంపించాను. రాత్రి కరెంటు బిల్లు వెనకాల ఆ అంకెలన్నీ వేసి కూడితే, పట్టిక పైన రాసిన మొత్తానికీ నాకు వచ్చిన మొత్తానికీ పొంతన కుదరలేదు. పంపిన ఇద్దరికీ మళ్లీ సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది.

తరువాత, సరిహద్దులు మార్చడం వేరు, రాష్ట్రానికి దక్కే సీట్ల సంఖ్య మార్చడం వేరని గుర్తుంచుకోవాలి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ రాష్ట్రాలకు దక్కే సీట్ల సంఖ్యను 1971 జనాభా లెక్కల దగ్గర ఆపేసింది; 2001 నాటి 84వ సవరణ ఆ నిలుపుదలను 2026 తరువాత జరిగే మొదటి జనగణన వరకు పొడిగించింది. ఈ మధ్యలో సరిహద్దులు మాత్రం మారాయి. 2009 ఎన్నికల నాటికి హన్మకొండ, సిద్దిపేట, మిర్యాలగూడ లోక్‌సభ స్థానాలు కనుమరుగై మల్కాజిగిరి, చేవెళ్ల వంటివి కొత్తగా వచ్చినా, ఉమ్మడి రాష్ట్రం మొత్తం 42 దగ్గరే నిలిచింది. అందువల్ల ‘2008లో పునర్విభజన జరిగినా మనకేమీ నష్టం కాలేదు కదా’ అన్న వాదన ఈ చర్చకు పనికిరాదు.

ఇక అసలు లెక్క. 2011లో దేశ జనాభా సుమారు 121 కోట్లు. దాన్ని 543తో భాగిస్తే ఒక సీటుకు దాదాపు 22.3 లక్షల మంది వస్తారు. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా 8.46 కోట్లను ఆ అంకెతో భాగిస్తే 38 సీట్లు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌కు 25, తెలంగాణకు 17, కలిపి 42 ఉన్నాయి. అంటే సభ పరిమాణం మారకుండా కేవలం జనాభా ప్రకారం పంచితే రెండు రాష్ట్రాలకూ కలిపి నాలుగు సీట్లు పోతాయి. ఇది ఊహాగానమేమీ కాదు. 1967లో ఆంధ్రప్రదేశ్ సీట్లు 43 నుంచి 41కి, మద్రాసు రాష్ట్రానివి 41 నుంచి 39కి తగ్గిన చరిత్ర ఉంది.

సభను పెంచితే లెక్క ఎలా మారుతుందో కూడా వేసి చూడాలి, ఎందుకంటే మాటల గారడీ అంతా అక్కడే ఉంది. కొత్త పార్లమెంటు భవనంలోని లోక్‌సభ మందిరంలో 888 మంది కూర్చోవచ్చు కనుక, ఉదాహరణకు ఆ అంకెనే తీసుకుందాం. 2011 జనాభా ప్రకారం పంచితే రెండు తెలుగు రాష్ట్రాలకు సుమారు 62 వస్తాయి. నలభై రెండు అరవై రెండు అయింది కదా అని మురిసిపోయే లోపు వాటా చూడండి: నేడు 7.7 శాతం, అప్పుడు 7 శాతం. అదే ఇప్పటి వాటాను యథాతథంగా ఉంచితే దాదాపు 69 రావాలి. దక్షిణాదికి దామాషా ప్రకారం ఒక్క సీటు కూడా తగ్గదని 2025 ఫిబ్రవరిలో కోయంబత్తూరులో కేంద్ర హోంమంత్రి అమిత్ షా అన్నప్పుడు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: దామాషా దేనికి, జనాభాకా, ఇప్పుడున్న సీట్లకా? సీట్ల సంఖ్య, వాటా అనే రెంటినీ విడదీయకుండా ఎవరు మాట్లాడినా, వారు ఏ పక్షం వారైనా, ఆ మాటను పూర్తిగా నమ్మనవసరం లేదని నా అభిప్రాయం.

ఇదే కొలబద్దను మన వైపు కూడా పెట్టాలి, కాస్త ఇబ్బందిగా ఉన్నా సరే. 2011 లెక్కల ప్రకారం ఒక్కో ఎంపీకి కేరళలో సుమారు 16.7 లక్షల మంది, తెలుగు రాష్ట్రాలలో 20 లక్షలు, ఉత్తరప్రదేశ్‌లో 25 లక్షలు, రాజస్థాన్‌లో 27 లక్షలకు పైగా ఉన్నారు. తన ఓటు విలువ కేరళ ఓటరు కంటే ఎందుకు తక్కువ కావాలని జైపూర్ ఓటరు అడిగితే, మేము కుటుంబ నియంత్రణ పాటించి జనాభా పెరుగుదలను తగ్గించుకున్నామన్న జవాబు నైతికంగా బలమైనదే కానీ అతని ప్రశ్నను రద్దు చేయదు. ఈ రెండు న్యాయాలలో దేనికి ఎంత తూకం ఇవ్వాలన్నది మాత్రం క్యాలిక్యులేటరు తేల్చదు. పన్నుల వాటా గొడవను ఇందులోకి లాగేవారు కూడా ఉంటారు. అది కేంద్ర పన్నులను రాష్ట్రాలకు ఎలా పంచాలో సిఫారసు చేసే ఆర్థిక సంఘం పరిధిలోని వేరే లెక్క.

చట్టాన్ని ఉదహరిస్తే మూలపాఠం తెరిచి చదవండి. 2014 విభజన చట్టంలోని 26వ సెక్షన్ ఆంధ్రప్రదేశ్ శాసనసభ సీట్లను 175 నుంచి 225కు, తెలంగాణలో 119 నుంచి 153కు పెంచాలని చెబుతుంది. ఆ అంకెలను చూపించి కొత్త సీట్లు వచ్చేస్తున్నాయని ఏళ్ల తరబడి ఆశావహులను ఊరించారు. కానీ అదే సెక్షన్‌లో ‘రాజ్యాంగంలోని 170వ అధికరణకు లోబడి’ అన్న చిన్న మాట ఉంది, 2026 తరువాతి మొదటి జనగణన వరకు శాసనసభ సీట్ల సంఖ్యను మార్చకూడదన్న గడువు ఆ అధికరణలో ఉంది. జమ్మూకశ్మీర్‌లో సీట్లు పెంచారు కదా అన్న వాదనతో వేసిన పిటిషన్‌ను 2025 జూలైలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. జమ్మూకశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతం కనుక రాష్ట్రాలకు వర్తించే అధికరణ దానికి వర్తించదని చెప్పింది.

పునర్విభజనపై ఏ బిల్లు మీ ముందుకు వచ్చినా, ఉపన్యాసాలు వినకముందే అందులో రెండు అంకెల కోసం వెతకండి: ఏ సంవత్సరపు జనగణన, మొత్తం ఎన్ని సీట్లు. ఆ రెండూ దొరికితే పైన చేసిన భాగహారమే మళ్లీ చేయవచ్చు. దొరకకపోతే, ఎవరి సీట్ల పట్టికనూ మరొకరికి పంపకండి.