పత్రికల చరిత్ర చెప్పే స్టాంపులు ఎలా పోగేయాలి

పత్రికకు వందేళ్లో రెండొందలేళ్లో నిండితే దాని పేరున స్టాంపు వేయడం మన తపాలా శాఖకు పాత అలవాటే. 1878లో మొదలైన ‘ది హిందూ’కి 1978లో 25 పైసల స్టాంపు వచ్చింది, 1822లో పుట్టిన గుజరాతీ పత్రిక ‘ముంబై సమాచార్’ స్టాంపును 2022 జూన్ 14న ముంబైలో ప్రధాని విడుదల చేశారు. ఇవి పోగేయడానికి పెద్ద ఖర్చేం కాదు. అయితే ఉత్త స్టాంపు ఒక్కటే కొని ఆల్బంలో దూర్చేస్తే పత్రిక గురించి మీకేం తెలియదు, దానితో పాటు వచ్చే బ్రోషర్ (స్టాంపు వివరాలు అచ్చేసిన కాగితం), ఫస్ట్ డే కవర్ (కొత్త స్టాంపు అంటించి విడుదల రోజు ముద్ర వేసిన కవర్) కూడా తీసుకోండి.

ముందు అది నిజంగా స్మారక స్టాంపేనా, అంటే ఆ సందర్భానికని తపాలా శాఖే వేసిందా అని చూసుకోవాలి. ‘ఫలానా పత్రిక వజ్రోత్సవాల్లో స్టాంపు విడుదల’ అని వార్త వస్తుంది, తీరా చూస్తే అది మై స్టాంప్ అయ్యుంటుంది, అంటే డబ్బు కట్టి ఎవరైనా వేయించుకునేది. లేదా ప్రత్యేక కవర్ అవుతుంది, అందులో కవరూ ముద్రా మాత్రమే కొత్తవి, అంటించిన స్టాంపు మామూలుదే. అవీ దాచుకోవచ్చు, తప్పేం లేదు, కాకపోతే స్మారక స్టాంపు అనుకుని ఎక్కువ పెట్టి కొనకండి. తపాలా శాఖ ఏ ఏడాదికా ఏడాది విడుదల చేసిన స్టాంపుల జాబితా ఉంటుంది, అందులో ఉందో లేదో చూస్తే సరిపోతుంది.

కొత్తగా వచ్చేవాటికి సులువైన దారి ఫిలాటలిక్ డిపాజిట్ అకౌంట్, అంటే స్టాంపులు పోగేసేవాళ్లు తపాలా శాఖలో ముందే డబ్బు వేసి ఉంచుకునే ఖాతా. హైదరాబాద్ వాళ్లయితే అబిడ్స్ జీపీఓలో అడగండి, 200 రూపాయలతో తెరవొచ్చు, మీకేం కావాలో (స్టాంపులా, కవర్లా, బ్రోషర్లా) రాసిస్తే విడుదలైనప్పుడల్లా డబ్బు అందులోంచి తీసుకుని పోస్టులో పంపిస్తారు. పాతవి మాత్రం డీలర్ల దగ్గరో ప్రదర్శనల్లోనో వెతకాల్సిందే, ఎందుకంటే స్మారక స్టాంపును మళ్లీ ముద్రించరు. అలాగని ప్రతి పాత స్టాంపూ అరుదైనదేం కాదు, ఇవి లక్షల్లో అచ్చవుతాయి. కొనేముందు వెనక్కి తిప్పి జిగురు చెదరకుండా ఉందా, గోధుమరంగు మచ్చలున్నాయా, అంచు పళ్లు ఎక్కడైనా విరిగాయా అని చూడండి.

బ్రోషర్‌లో అందరూ చరిత్ర చదివి పక్కన పెట్టేస్తారు. నాకు మాత్రం సాంకేతిక వివరాల పట్టికే ఇష్టం, ఎన్ని ముద్రించారు, ఏ పద్ధతిలో, ఏ ప్రెస్సులో అని ఉంటుంది. చాలాసార్లు అక్కడ కనిపించే పేరు హైదరాబాద్ సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్!

పాత కవర్ల మీంచి వాడిన స్టాంపు తీయాలంటే చుట్టూ కాగితంతో సహా కత్తిరించి, గోరువెచ్చని నీళ్లలో బొమ్మ పైకి వచ్చేలా ఓ పావుగంట వదిలేయండి. తొందరపడి లాగితే వెనక పొర చిరుగుతుంది, దానంతట అదే జారే వరకూ ఆగాలి. ఆరబెట్టేది తెల్ల కాగితం మీదే. న్యూస్‌పేపర్ మీద వేశారో, సిరా తడి స్టాంపుకు అంటుకుంటుంది (పత్రిక స్టాంపుకు పత్రికే శత్రువు, ఏం చేస్తాం). ఫస్ట్ డే కవర్ల మీద ఈ ప్రయోగం చేయకండి, వాటి విలువంతా కవరూ ముద్రా స్టాంపూ కలిసి ఉండటంలోనే ఉంది. ఇక ట్వీజర్స్ తప్పనిసరి, సెల్లోటేప్ నిషేధం.

పత్రికల పేరుతో వచ్చిన స్టాంపులు కొన్నే కాబట్టి, పత్రికలు నడిపిన మనుషుల స్టాంపులూ కలపండి. సంబాద్ కౌముది పెట్టిన రామ్మోహన్ రాయ్‌కి 1964లో, కేసరి పెట్టిన తిలక్‌కి 1956లో, వివేకవర్ధని నడిపిన మన వీరేశలింగం గారికి 1974లో, స్వరాజ్య పత్రిక పెట్టిన ప్రకాశం పంతులు గారికి 1972లో వచ్చాయి. పేజీల్లో అమర్చేటప్పుడు స్టాంపు వచ్చిన ఏడాది కాకుండా పత్రిక పుట్టిన ఏడాది పట్టుకోండి. అప్పుడు సంబాద్ కౌముది (1821), ముంబై సమాచార్ (1822), వివేకవర్ధని (1874), హిందూ (1878), కేసరి (1881), స్వరాజ్య (1921) అనే వరుస వస్తుంది. స్టాంపుల తేదీ ప్రకారం పెడితే తిలక్ అందరికంటే ముందొచ్చి, రెండొందలేళ్ల ముంబై సమాచార్ చిట్టచివర్న కూర్చుంటుంది. ఒక్కోదాని కింద ఈ రెండు సంవత్సరాలూ పెన్సిల్‌తో రాసుకోండి, పెన్నుతో వద్దు.