స్పియర్‌హెడ్ శ్రేణి నౌకల పేరును, రకాన్ని, శ్రేణిని సరిగా నమోదు చేయడం ఎలా?

విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే మన నౌకాదళ నౌక జలాశ్వకు అమెరికాలో ఉన్నప్పటి పేరు ట్రెంటన్. 2007లో భారత్‌కు వచ్చిన ఆ నౌక చరిత్ర వెతికేవారికి అదే పేరుతో మరో నౌక కూడా ఎదురవుతుంది. ఈ రెండో ట్రెంటన్ అమెరికా నౌకాదళపు స్పియర్‌హెడ్ శ్రేణికి చెందిన వేగ రవాణా నౌక. పేరొక్కటే చూసి రాసుకుంటే రెండు నౌకల చరిత్రలు కలిసిపోతాయి. కాబట్టి నమోదును పేరుతో కాక, రకంతో మొదలుపెట్టాలి.

రకం అంటే నౌక చేసే పని. శ్రేణి అంటే దాని నమూనా. ఇక్కడ రకం ఎక్స్‌పెడిషనరీ ఫాస్ట్ ట్రాన్స్‌పోర్ట్, అంటే బలగాలను, సామగ్రిని వేగంగా చేర్చే రవాణా నౌక; సంకేతం ఈపీఎఫ్. ఈ సంకేతంలో ‘పీ’ అనే అక్షరం రవాణాను సూచిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలోనూ అమెరికా రవాణా నౌకల సంకేతం ఏపీ, డిస్ట్రాయర్లను మార్చి తయారుచేసిన వేగ రవాణా నౌకల సంకేతం ఏపీడీ. శ్రేణికి మాత్రం మొదటి నౌక పేరే పెడతారు కనుక ‘ఈపీఎఫ్ శ్రేణి’ అని కాకుండా ‘స్పియర్‌హెడ్ శ్రేణి’ అని రాయాలి.

ఆ తర్వాత కాలాన్ని సరిచూసుకోవాలి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. అమెరికా సైన్యం, నౌకాదళం కలిసి మొదలుపెట్టిన పథకం కనుక ఈ నౌకలను మొదట జాయింట్ హై స్పీడ్ వెసల్ అని పిలిచి, జేహెచ్‌ఎస్‌వీ అనే సంకేతం ఇచ్చారు. 2011లో సైన్యం తన వాటా నౌకలను నౌకాదళానికి వదిలేయడంతో పేర్లు కూడా మారాయి: ఫార్టిట్యూడ్ మిలినాకెట్ అయింది, రిజొల్యూట్ ట్రెంటన్ అయింది. నౌకాదళం తన కోసం ముందే అనుకున్న విజిలెంట్ కూడా చాక్టా కౌంటీగా మారింది. సైన్యం పెట్టిన పేర్లలో స్పియర్‌హెడ్ నిలిచింది. 2015 సెప్టెంబరులో నౌకాదళ కార్యదర్శి రే మాబస్ నిర్ణయంతో రకం పేరు ఈపీఎఫ్‌గా మారినా, వరుస సంఖ్యలు మారలేదు. అందువల్ల ట్రెంటన్‌ను అంతకుముందు జరిగిన సంఘటన గురించి రాసేటప్పుడు జేహెచ్‌ఎస్‌వీ-5 అని, తర్వాతి దానికి ఈపీఎఫ్-5 అని రాసి, రెండూ ఒకే నౌకవని మొదటి ప్రస్తావనలోనే చెప్పడం ఉత్తమం.

పేరుకు ముందు వచ్చే అక్షరాలను కూడా జాగ్రత్తగా గమనించాలి. జలాశ్వగా మారిన ట్రెంటన్ యూఎస్‌ఎస్, అంటే కమిషన్ పొందిన (లాంఛనంగా నౌకాదళ సేవలోకి చేరిన) యుద్ధనౌక. దాని సంఖ్య ఎల్‌పీడీ-14. రెండో ట్రెంటన్ యూఎస్‌ఎన్‌ఎస్. అమెరికా నౌకాదళ రవాణా విభాగమైన మిలిటరీ సీలిఫ్ట్ కమాండ్ కింద పౌర నావికులు నడిపే నౌక. ఆ కమాండ్ నౌకల సంకేతానికి ముందు ‘టీ’ చేరుతుంది కనుక పూర్తి రూపం టీ-ఈపీఎఫ్-5. ఇటువంటి నౌకకు కమిషన్ తేదీ ఉండదు. ‘నౌకాదళంలో కమిషన్ అయింది’ అని అలవాటుగా రాసేయకుండా, జలప్రవేశం చేసిన తేదీని, నౌకాదళానికి అప్పగించిన తేదీని విడివిడిగా ఇవ్వాలి. స్పియర్‌హెడ్‌ను అప్పగించింది 2012 డిసెంబరులో.

ఒకే పేరు గల పాత నౌకలు ట్రెంటన్‌తో ఆగవు. 2002లో అమెరికా సైన్యం అద్దెకు తీసుకున్న, టాస్మేనియాలో కట్టిన టీఎస్‌వీ-1ఎక్స్ నౌక పేరు కూడా స్పియర్‌హెడే. హవాయి ఫెర్రీగా తిరిగిన అలకాయ్‌ను నౌకాదళం తీసుకుని ప్యూర్టోరికో అని పేరు మార్చింది; ఆ పేరే తర్వాత ఈపీఎఫ్-11కు వచ్చింది. సంఖ్య లేకుండా ఈ పేర్లు రాయకూడదు.

వర్ణనలో నమూనా లక్షణాలు క్లుప్తంగా ఉంటే చాలు: అలబామా రాష్ట్రంలోని మొబీల్‌లో ఆస్టల్ సంస్థ అల్యూమినియంతో కట్టిన కాటమరాన్, పొడవు 103 మీటర్లు, వేగం సుమారు 35 నాట్లు, నీటిలో మునిగే లోతు 4 మీటర్ల లోపే కనుక చిన్న రేవుల్లోకి కూడా వెళ్లగలదు, 312 మంది సైనికులకు కూర్చునే చోటు. కాటమరాన్ అనే మాట తమిళ కట్టుమరం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లినదే అయినా, దుంగలు కట్టిన మన తెప్ప వేరు, రెండు హల్‌లను (నౌక కింది దేహాలను) పక్కపక్కన నిలిపి పైన ఒకే డెక్ పరిచిన ఈ నౌక వేరు; ‘తెప్ప’ అని అనువదించకండి. అలాగే ‘ఫ్లైట్ 2’ అనే మాటలోని ఫ్లైట్‌కు విమానంతో సంబంధం లేదు. ఒకే శ్రేణిలో మార్పులతో వచ్చిన తర్వాతి విడతను అలా అంటారు. వైద్య సదుపాయాలు పెంచిన కోడీ (ఈపీఎఫ్-14) ఆ విడతలో మొదటిది, కనుక అది స్పియర్‌హెడ్ శ్రేణిలోనే ఉంటుంది. ఆసుపత్రి నౌకగా రూపొందించిన బెథెస్డా నిర్మాణాన్ని కూడా అదే ఆస్టల్ సంస్థకు అప్పగించారు, అదీ కాటమరానే. కానీ దానికి ఈఎమ్‌ఎస్ అనే వేరే సంకేతం, సొంత శ్రేణి పేరు ఉన్నాయి కనుక దాన్ని ఈ జాబితాలో చేర్చకూడదు.